బైనాక్యులర్ కవరు ఎంపికలో తేమకే పెద్దపీట

తిరుపతి చుట్టుపక్కల పక్షులను చూడటం కోసం బైనాక్యులర్ కొనుక్కున్నవారు కవరు దగ్గరకు వచ్చేసరికి సాధారణంగా రెండే ప్రశ్నలు వేస్తారు. కింద పడితే కాపాడుతుందా, దుమ్ము లోపలికి పోకుండా ఆపుతుందా అని. ఆ రెండూ అడగవలసిన ప్రశ్నలే. కానీ మన ప్రాంతంలో అద్దాన్ని కోలుకోలేనంతగా పాడుచేసేది దెబ్బ కంటే, ధూళి కంటే తేమ అనీ, కవరును ఎంచుకునేటప్పుడు ముందు ఆలోచించవలసింది దాని గురించేననీ నా గట్టి అభిప్రాయం. ఇంకొంచెం ముందుకు వెళ్లి చెప్పాలంటే, బాగా బిగుతుగా మూసుకునే మందపాటి కవరు మన వానాకాలంలో రక్షణ ఇవ్వదు, హాని చేస్తుంది. చాలామంది దీనితో ఏకీభవించరని తెలుసు కాబట్టి కారణాలు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. కవర్ల గురించి దొరికే సలహాలలో ఎక్కువ భాగం వేట తుపాకుల మీద బిగించే టెలిస్కోపులను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటకు తావు లేదు కనుక ఆ పరికరంతో మనకు పని లేదు. అయినా వేటగాళ్ల కోసం తయారైన కవర్ల రకాలే కొద్ది మార్పులతో బైనాక్యులర్లకూ, ట్రైపాడ్ మీద పెట్టి చూసే స్పాటింగ్ స్కోపులకూ అమ్ముతున్నారు. వేలితో నొక్కగానే పైకి లేచే మూతలు, రెండు చివర్ల మూతలను ఎలాస్టిక్ పట్టీతో కలిపినవి, మొత్తం గొట్టాన్ని కప్పే నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు తొడుగులు అలా వచ్చినవే. మంచు కురిసే చలిదేశాలలో, తుపాకీని భుజాన వేసుకుని ముళ్లపొదలలో దూరే మనిషికి అవి సరైన సమాధానాలే కావచ్చు. అక్కడ అద్దం మీద మంచు పేరుకుంటుంది, కొమ్మ తగులుతుంది, చూడవలసిన క్షణం రెప్పపాటులో వచ్చిపోతుంది. శేషాచలం అంచున ఉండే మనకు ఆ క్షణం గురించిన పాఠం పనికివస్తుంది, మంచు గురించిన పాఠం పనికిరాదు. సలహా తీసుకునేటప్పుడు ఈ తేడా గమనించకపోవడం వల్లనే ఉక్కపోత ఊళ్లలో ఉండేవారు కూడా చలికోటు లాంటి కవర్లు కొంటున్నారు.

మన వాతావరణం సంగతి చూద్దాం. కోస్తా ఉత్తర జిల్లాలకు జూన్ నుంచే నైరుతి వానలు ముఖ్యం. తిరుపతికీ, నెల్లూరు వైపు పల్లెలకూ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలు అంతకంటే ముఖ్యం. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే రోజుల తరబడి ముసురు పడుతుంది. ఉతికిన బట్టలు ఆరవు, ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, బీరువాలో పట్టుచీరలకు ముక్క వాసన వస్తుంది. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలిచిపోతే అద్దం మీద బూజు, అందరూ ఫంగస్ అని పిలిచేది, పెరగడానికి అనువైన స్థితి ఏర్పడుతుంది. సరిగ్గా అదే కాలంలో నేలపట్టుకు గూడబాతులు, పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు చేరుతుంటాయి. అంటే బైనాక్యులర్‌తో ఎక్కువ పని పడే నెలలూ, అది చెడిపోవడానికి ఎక్కువ అవకాశం ఉండే నెలలూ ఒక్కటే.

ఫంగస్ పట్టిన అద్దాన్ని దగ్గరగా చూడనివారికి దాని తీవ్రత అర్థం కాదు. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన తరువాతి సంక్రాంతి రోజుల్లో ఒక మిత్రుడు తన పాత బైనాక్యులర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. బొమ్మ పొగమంచులోంచి చూసినట్టు కనిపిస్తోంది. పెద్ద అద్దాల వైపు నుంచి టార్చి వేసి, కన్ను ఆనించి చూసే ఐపీసు వైపు నుంచి చూశాము. ఎడమ గొట్టంలో అద్దం అంచు నుంచి మధ్యకు పాకిన తెల్లని పోగులు కనిపించాయి. ఒక్కొక్క పోగు చివర మళ్లీ రెండుగా, నాలుగుగా చీలి, వేపచెట్టు వేరులాగా విస్తరించింది. "కవర్లోనే పెట్టి బీరువాలో దాచిపెట్టినాను కదన్నా, దీంట్లోకి ఇది ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. ఆ కవరు చూపించమన్నాను. లోపల మెత్తటి గుడ్డ కుట్టిన తోలు పెట్టె, ఇత్తడి బొత్తాలతో గట్టిగా మూసుకుంటుంది. మూత తెరవగానే చెమ్మ వాసన. "దాచిపెట్టినందుకే వచ్చింది నాయనా" అన్నాను.

ఆ సమాధానం వెనుక ఉన్న కారణాలు సరళమైనవే. తోలు, నూలుగుడ్డ, ఫెల్ట్ వంటివి గాలిలోని తేమను పీల్చుకుని చాలాకాలం పట్టి ఉంచుతాయి. ఫంగస్‌కు కావలసిన ఆహారం కూడా వాటిలోనే ఉంటుంది. అడవి నుంచి తిరిగి వచ్చిన పరికరం మీద మన చెమట, కనురెప్పల జిడ్డు, మంచు తడి ఉంటాయి. దానిని వెంటనే కవరులో పెట్టి మూసేస్తే ఆ తడికి బయటికి పోయే దారి ఉండదు. పగటి వేడికి ఆవిరవుతుంది, రాత్రి చల్లబడినప్పుడు అద్దం మీదనే మళ్లీ తడిగా దిగుతుంది. దీనికి చీకటి తోడవుతుంది. కవరు ఎంత బిగుతుగా ఉంటే ఫంగస్ పెరగడానికి లోపల అంత అనువైన గది తయారవుతుంది. ఫంగస్ ఒకసారి వేళ్లూనుకున్న తరువాత అది విడుదల చేసే ఆమ్లాలు అద్దం మీది పలుచని పూతను తినేస్తాయి. ఆ తరువాత విప్పి తుడిపించినా మచ్చ మిగిలిపోతుంది. కింద పడి గొట్టం వంకరపోయిన బైనాక్యులర్‌ను కొన్నిసార్లు సరిచేయించవచ్చు గానీ పూత తిన్న అద్దాన్ని మామూలు ధరకు ఎవరూ బాగుచేయలేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇప్పటి మంచి బైనాక్యులర్లలో గాలి తీసేసి నైట్రోజన్ నింపి సీలు వేస్తారు కదా, లోపలికి తేమ ఎలా పోతుంది అని. నిజమే, అటువంటి పరికరం ఉన్నవారికి లోపలి అద్దాల భయం చాలా తక్కువ. కానీ బయటి అద్దాలు బయటే ఉంటాయి, వాటి మీదా జిడ్డు ఉంటుంది, వాటి మీదా ఫంగస్ పెరుగుతుంది. రబ్బరు సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి బిగుతు కోల్పోతాయి. పైగా మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ కొనగలిగిన ధరలో వచ్చే వాటిలో చాలావాటికి ఆ సీలు ఉండదు. సీలు లేని పరికరం చల్లబడినప్పుడల్లా లోపలి గాలి కుంచించుకుని బయటి తేమ గాలిని కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటుంది. పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే చిలకరించిన నీటిని తట్టుకుంటుందని అర్థం, ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. కవరు కొనేముందు ఈ అంకె ఏమిటో చూసుకోవడం మంచిది. ఐపీఎక్స్7 ఉన్న పరికరానికి వాన నుంచి కాపాడే బరువైన కవరు అక్కరలేదు, ఏ అంకే లేని పరికరానికి కవరు ఒక్కటే చాలదు.

ధూళి విషయాన్ని నేను తేలిక చేయడం లేదు. మన కొండల ధూళి ప్రత్యేకమైనది. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైట్ మీద క్వార్ట్జైట్ అనే గట్టి రాతి పొరలు కూర్చున్న చోటును భూగర్భ శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని గుర్తించారు, అది జాతీయ భూగర్భ స్మారక చిహ్నం కూడా. కొండ మీది శిలాతోరణం ఆ క్వార్ట్జైట్‌లో సహజంగా ఏర్పడినదే. ఆ రాయి అరిగి రాలిన పొడిలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7, మామూలు అద్దానిది 5.5 నుంచి 6 మధ్య. కనుక ఆ పొడి అద్దం మీద వాలి ఊరుకుంటే నష్టం లేదు, దానిని చొక్కా అంచుతోనో భుజం మీది తువ్వాలుతోనో రుద్దినప్పుడే గీతలు పడతాయి. తలకోనలో జలపాతం దారిలో ఆగి, అద్దం మీద ఉఫ్ అని ఊది, కండువాతో తుడిచేవారిని చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ముందు రబ్బరు బుడ్డి బ్లోయర్‌తో గాలి కొట్టాలి, తరువాత మెత్తటి బ్రష్షు, ఆ తరువాత మాత్రమే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ. మూత ఉంటే ఈ తుడవడమే తగ్గిపోతుంది. మూత వల్ల నాకు కనిపించే ముఖ్యమైన లాభం అదే.

అందుకే అడవిలో వాడే కవరునూ, ఇంట్లో దాచే పెట్టెనూ రెండు వేరు వస్తువులుగా చూడాలని నా వాదన. ఒకే కవరు రెండు పనులూ చేయాలని పట్టుబట్టడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అడవిలో కావలసినది చాలా తక్కువ. ఐపీసుల మీద వర్షం, ధూళి, టీ చుక్కలు పడకుండా ఆపే రెయిన్ గార్డ్, కింది పెద్ద అద్దాలకు గొట్టానికే కట్టి ఉండే రెండు మూతలు. ఇంతే చాలు. బైనాక్యులర్ మెడలో వేలాడుతున్నప్పుడు ఐపీసులు ఆకాశం వైపు ఉంటాయి కాబట్టి ఏది పడినా వాటి మీదే పడుతుంది. రెయిన్ గార్డ్‌కు ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. దానికి మరొక ఉపయోగం కూడా ఉంది. రోహిణి కార్తె ఎండలో ఐపీసులు పైకి పెట్టి బండ మీద వదిలేసిన బైనాక్యులర్ భూతద్దంలా పనిచేసి సూర్యకాంతిని లోపల ఒక చోట కేంద్రీకరిస్తుంది, లోపలి ప్లాస్టిక్ భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

రెయిన్ గార్డ్ ఎంచుకోవడంలో చూడవలసినది మధ్య వంతెన. మన రెండు కళ్ల మధ్య దూరం మనిషికీ మనిషికీ మారుతుంది, దానికి తగ్గట్టు గొట్టాలను దగ్గరికో దూరానికో జరుపుకుంటాము. రెండు గిన్నెలను కలిపే ముక్క గట్టి ప్లాస్టిక్ అయితే ఒకరి కొలతకు సరిపోయినది ఇంకొకరికి ఎక్కదు, ఎక్కించడానికి ప్రతిసారీ గొట్టాలను కదపవలసి వస్తుంది. మెత్తటి రబ్బరు వంతెన ఉన్నదే తీసుకోవాలి. కళ్లద్దాలు లేనివారు ఐపీసు చుట్టూ ఉండే రబ్బరు కప్పులను పైకి తిప్పి వాడతారు కనుక, అవి పైకి ఉన్నప్పుడు కూడా గార్డ్ కూర్చుంటుందో లేదో దుకాణంలోనే పెట్టి చూడాలి. గార్డ్‌కు రెండు వైపులా ఉండే చెవులలో ఒకటి మెడ పట్టీలో దూర్చి ఉండాలి, రెండోది వదులుగా ఉండాలి. రెండు వైపులా కట్టేస్తే ఎత్తినప్పుడు ముక్కుకు అడ్డం వస్తుంది, రెండు వైపులా వదిలేస్తే మొదటి వారంలోనే పోతుంది.

కింది మూతల కొలతలో అందరూ తడబడేది ఒకటుంది. బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే అందులో 42 అనేది పెద్ద అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. మూత ఎక్కేది అద్దానికి కాదు, దాని చుట్టూ ఉన్న గొట్టానికి, ఆపైన ఉన్న రబ్బరు తొడుగుకు. ఆ బయటి కొలత 42 కంటే ఎప్పుడూ ఎక్కువే. ఒక దారాన్ని గొట్టం చుట్టూ తిప్పి, ఆ పొడవును 3.14తో భాగిస్తే సరైన వ్యాసం వస్తుంది. తుపాకీ టెలిస్కోపుల మూతలకూ ఇదే లెక్క. కొంచెం వదులుగా ఉన్న మూత కంపలో ఊడిపోతుంది, మరీ బిగుతుగా ఉన్నది చెమట చేతులతో రాదు. తీయడం కష్టమైన మూతను ఎవరైనా రెండో రోజు నుంచి సంచిలోనే వదిలేస్తారు. శేషాచలంలో కనిపించే పసుపు గొంతు పిగిలిపిట్ట రాతి చరియల మీది పొదలలో ఒక్క క్షణం కనబడి మళ్లీ దాక్కుంటుంది. ఆ పక్షిని చూడటానికి వెళ్లినవాడు మూతతో కుస్తీ పట్టలేడు.

చప్పుడు సంగతి కవరు పెట్టె మీద ఎవరూ రాయరు. వెల్క్రో పట్టీ లాగినప్పుడు వచ్చే బర్రుమనే శబ్దం పొద్దున్నే మామండూరు అడవి నిశ్శబ్దంలో చాలా దూరం వినిపిస్తుంది. పక్కన నిలబడి ఎంతోసేపటి నుంచి ఓపికగా చూస్తున్నవారికి అది చేసే అన్యాయం మాటల్లో చెప్పలేను. వేటగాళ్ల సలహాలలో ఈ ఒక్క విషయాన్ని మాత్రం మనం కళ్లకద్దుకుని తీసుకోవాలి. వారు కూడా చప్పుడు చేసే మూతను దగ్గరకు రానీయరు. వెల్క్రో ఉన్న కవరు ఇప్పటికే కొని ఉంటే ఆ ముక్క విప్పి, దాని చోట ఒక మామూలు గుండీ, దారపు ఉచ్చు కుట్టించుకోవచ్చు. కోతుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. భుజానికి వేలాడే రంగురంగుల పెట్టె వాటికి తినుబండారాల సంచిలా కనిపిస్తుంది, లాగేస్తాయి.

నియోప్రీన్ తొడుగులను మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. మెత్తగా ఉంటుంది, దెబ్బ ఆపుతుంది, చూడటానికి బాగుంటుంది. నియోప్రీన్ లోపలి నురుగు నీటిని పోనివ్వదు, పైన అతికిన గుడ్డ మాత్రం నీటిని పీల్చుకుంటుంది. ముసురులో తడిసిన తొడుగు అద్దానికి అంటుకుని ఉన్నంతసేపూ తడి అక్కడే నిలుస్తుంది. ప్రయాణంలో, బస్సులో, బండి మీద వెళ్లేటప్పుడు దానిని వాడడానికి నాకు అభ్యంతరం లేదు. ఇల్లు చేరగానే తీసేసి, తొడుగును దండెం మీద ఆరేసి, పరికరాన్ని ఫ్యాను కింద విడిగా పెట్టాలి. స్పాటింగ్ స్కోపుకు దొరికే, రెండు చివర్లా జిప్పులు ఉండి ట్రైపాడ్ మీద ఉండగానే వాడుకోగలిగే నిలుపు కవర్ల విషయంలోనూ నా మాట ఇదే. పులికాట్ గట్టున ఉప్పుగాలీ, ఇసుకా కలిసి కొడుతున్నప్పుడు దానికి సాటి లేదు. సాయంత్రం దానిని విప్పకుండా మూల నిలబెట్టడం మాత్రం చేయకూడదు. ఉప్పు తనంతట తానే తేమను లాగుతుంది కనుక ఆ రోజు కవరును మంచినీళ్లలో జాడించి ఆరవేయాలి.

మూసి ఉన్న పెట్టె నిజంగా పనికివచ్చే సందర్భం ఒకటి ఉంది. ఏసీ గదిలో పడుకుని, తెల్లవారుజామున తలుపు తెరుచుకుని బయటికి వస్తే చల్లని అద్దం మీద ఉక్క గాలి తగిలి ఒక్కసారిగా ఆవిరి కమ్ముకుంటుంది. ఏసీ కారులోంచి దిగినా అంతే. అప్పుడు తొందరపడి తుడవకూడదు. పరికరాన్ని మూసిన సంచిలోనే ఉంచి, సంచి బయట పెట్టి, అరగంట ఆగితే అది బయటి వేడికి వస్తుంది, ఆవిరి పట్టదు. మందపాటి కవరుకు నేను మనస్ఫూర్తిగా వేసే మార్కు ఇక్కడే.

ఇక ఇంట్లో దాచే పద్ధతి. లోపలి తేమను తగ్గించి ఉంచే ఖరీదైన డ్రై క్యాబినెట్ అలమారా లేకపోయినా ఫరవాలేదు. మూతకు రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పప్పులకు వాడేలాంటిదే కొత్తది ఒకటి, అందులో తేమను పీల్చే సిలికా జెల్ పూసలు, పది రూపాయల నోటంత ఉండే చిన్న తేమ మీటరు ఉంటే చాలు. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ తక్కువైనా రబ్బరు భాగాలకు మంచిది కాదు. సిలికా జెల్‌లో నీలం పూసలు తేమ పీల్చుకుని గులాబీ రంగుకు మారుతాయి, వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కనుక పిల్లలున్న ఇంట్లో నారింజ రంగువి మేలు, అవి ఆకుపచ్చకు తిరుగుతాయి. మారినవాటిని 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పనిచేస్తాయి. బియ్యంలో పెట్టడం మానేయాలి, బియ్యం తేమను అంతగా పీల్చదు, తవుడు పొడి మాత్రం అద్దానికి పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు అసలే వద్దు. అవి ఆవిరై అద్దం మీద పొరలా దిగుతాయి. ముఖ్యంగా, బైనాక్యులర్‌ను ఆ డబ్బాలో పెట్టేటప్పుడు తోలు పెట్టె లేకుండా, మూతలు తీసి, విడిగా పెట్టాలి. తడి ఆరకుండా డబ్బాలో పెడితే సిలికా జెల్ ఆ తడి పీల్చడంతోనే అయిపోతుంది.

పాఠశాలల ఎకో క్లబ్బుల కోసం కొన్న బైనాక్యులర్ల గురించి నాకు ప్రత్యేకమైన బాధ ఉంది. వాటిని కొన్న పెట్టెలతో సహా ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తాళంచెవి ఎవరి దగ్గరో ఉంటుంది, వానాకాలమంతా బీరువా తెరుచుకోదు. పోతాయన్న భయం న్యాయమైనదే. అయినా ఆ పెట్టెలన్నిటినీ పక్కన పెట్టి, బైనాక్యులర్లన్నిటినీ కలిపి ఒక పెద్ద డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, ఆ డబ్బానే తాళంలో పెట్టవచ్చు. అక్టోబరు నుంచి జనవరి వరకు వారానికొకసారి పిల్లల చేత బయటికి తీయించి, వరండాలో నీడన అద్దాలు ఆకాశం వైపు కాకుండా అడ్డంగా పడుకోబెట్టి గాలి తగలనిస్తే అంతకంటే మంచి సంరక్షణ లేదు. వాడే పరికరానికి బూజు పట్టదని పెద్దలు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బజారులో నచ్చినది దొరకకపోతే దర్జీ చేత కుట్టించుకోవడమే ఉత్తమం. బండి మీద వెళ్లేటప్పుడు కప్పుకోవడానికి నా బైనాక్యులర్‌కు మా వీధి చివరి దర్జీ కుట్టిన తొడుగునే వాడుతున్నాను. పలుచటి నైలాన్ గుడ్డ, లోపల అస్తరు లేదు, నోటి దగ్గర నాడా. ఆయనకు చెప్పవలసినవి మూడే మాటలు. లోపల నూలు గుడ్డ గానీ స్పాంజి గానీ వేయవద్దు, అడుగున గాలి ఆడటానికి రెండు ఐలెట్లు, అంటే అంచుకు రింగు వేసిన రంధ్రాలు, కొట్టాలి, పరికరం కొలత కంటే రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ వదలాలి. "ఇంత వదులుంటే దుమ్ము లోపలికి పోతాది కదా సార్" అని ఆయన అడిగితే, దుమ్మును బ్లోయర్‌తో ఊదుకుంటాననీ, తడిని ఊదలేననీ చెప్పండి.